మధ్యాహ్నం గాలి మోయదు

మొన్న మా ఇంటి వెనక మిరపచేలోకి మందు కొట్టే డ్రోన్ వచ్చింది. పొదుపు సంఘంలో నేర్చుకున్న అమ్మాయట, నెత్తికి చున్నీ బిగించి కట్టుకుని, గట్టుమీద నిలబడి చేతిలో పెట్టె అటూ ఇటూ కదుపుతుంటే ఆ యంత్రం తుమ్మెదలా రొద చేస్తూ చేనంతా తిరుగుతోంది. ముసలాడికి పనేముంది, కుర్చీ ఈడ్చుకుని పోయి గట్టు పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల ట్యాంకు నిండా మందు పొయ్యకుండా సగానికి పైన కొంచెం పోసి మూత పెట్టేస్తోంది. చేను ఆసామి ఊరుకుంటాడా, డబ్బులు పూర్తిగా తీసుకుని ట్యాంకు సగమే పోస్తావేందమ్మా అని మొదలుపెట్టాడు. ఆ పిల్ల తల తిప్పకుండానే, "ఎండ చూడు బాబాయ్ ఎట్టా ఉందో. నిండా పోస్తే లేవదు. పొద్దున్నే పిలిచుంటే నిండా మోసేది" అంది.

ఆ మాట విని లేచాను. కుర్చీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నాను. కోడలు వడదెబ్బేమోనని మజ్జిగలో ఉప్పేసి తెచ్చింది. వడదెబ్బ కాదు, అదే మాట, అదే భాద్రపదం ఎండలో, చాలా ఏళ్ళ కిందట ఇంకొక మనిషి నోట విన్నాను. ఆ మనిషీ లేడు, ఆ మాట విన్న మా అక్కా ఈ వేసవిలోనే పోయింది. ఇక ఈ సంగతి మీబోటి నా ఈడు వాళ్ళతో తప్ప ఎవరితో చెప్పుకోను.

నేను విమానాలు నడిపినవాణ్ణని మా ఊళ్ళో సగం మంది నమ్ముతారు. నడిపానని నేనెప్పుడూ అనలేదు, విమానాల్లో పనిచేశానని అన్నాను, మిగతాది వాళ్ళే కలుపుకున్నారు, నేను కాదనలేదు, అంతే. మనవళ్ళకి మాత్రం ఇంకాస్త పెంచి, ఏడెనిమిది విమానాల దండు ఉండేదనీ, నేను చెయ్యెత్తితే తప్ప ఒక్కటీ లేచేది కాదనీ చెప్పాను. ఇప్పుడు నిజం చెప్పేస్తాను. ఉన్నది ఒక్కటే విమానం. నేను దానికి మందు కలిపి పోసేవాణ్ణి. పీపాల్లో నీళ్ళు నింపడం, మందు కలపడం, గొట్టం పెట్టి విమానం ట్యాంకులోకి ఎక్కించడం నా ఉద్యోగం. ఒంటినిండా ఎప్పుడూ మందు వాసనే, పెళ్ళిచూపులకి పోతే పిల్ల వాళ్ళు ముక్కు మూసుకున్నారు. ఇదీ నా వైమానిక వైభవం.

మా ప్రాంతంలో పత్తి కొత్తగా పెరిగిన రోజులవి. మార్టూరు పడమటి వైపు నల్లరేగడి అంతా, కంటికి ఆనినంత మేర పత్తే. మా నాయన దూదేకుల పని చేసేవాడు, పరుపులకీ బొంతలకీ దూది ఏకి ఇచ్చేవాడు, ఆ వింటినారి చప్పుడులోనే మేం పెరిగాం. అలాంటి మాకు కూడా అంత పత్తి ఒక్కచోట చూడటం అప్పుడే. పత్తితోపాటే పురుగూ వచ్చింది. శనగపచ్చ పురుగు కాయలోకి తొలుచుకుపోయి కూర్చుంటే మనిషి వీపున డబ్బా మోసుకుని ఎన్ని చేలకని కొడతాడు. అందుకని విమానంతో మందు కొట్టించే కంపెనీ ఒకటి వచ్చి, సాగర్ కాలువ పక్కన నల్లనేల చదును చేసి, పైన ఎర్ర గ్రావెలు పరిచి, రోలరు తిప్పి బాట వేసింది. ఆ బాట అంచున గుడారాలు, పీపాలు, మేము. పొద్దున విమానం లేస్తే చూడటానికి బళ్ళు కట్టుకుని జనం వచ్చేవారు, పిల్లలకి పాలు పట్టే తల్లులు కూడా చంకన పిల్లతో నిలబడేవారు.

చిన్న విమానం. ఒక్క మనిషి పట్టే చోటు, ముక్కున ఇంజను, ఇంజనుకీ ఆ మనిషికీ మధ్య మందు ట్యాంకు. అందులో కూర్చునే పైలట్ గారు ఉత్తరాది ఆయన, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఆయనా నేనూ ప్రాణస్నేహితులమని చాలామందికి చెప్పాను. నిజానికి మొదటి నెల ఆయన నన్ను పేరు పెట్టి పిలవను కూడా లేదు, మా అక్క వల్ల దగ్గరయ్యాం. మా అక్క ఇల్లు ఆ బాటకి కూతవేటు దూరం. బావ పెళ్ళయిన కొన్నాళ్ళకే జ్వరం వచ్చి పోతే, తిరిగి మా ఇంటికి రమ్మన్నా రాకుండా ఆ ఊళ్ళోనే ఉండి, ఉన్న కొద్ది నేలకి పక్కన కౌలు కలుపుకుని సొంతంగా పత్తి వేసిన మనిషి. గుడారంలో వంటవాడు పెట్టే తిండి తినలేక పైలట్ గారు ఎండిపోతున్నాడని నేనే ఒకరోజు భోజనానికి తీసుకుపోయాను. గోంగూరలో మా పండుమిరప కారం తగిలి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అక్క కంగారుగా పెరుగు గిన్నె మొత్తం ఆయన కంచంలో కుమ్మరించింది. మర్నాడు ఆయనే వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం అక్కడే. తెలుగు కూడా అక్క దగ్గరే నేర్చుకున్నాడు గనక ఉత్తరాది నాలుకమీద అచ్చం మా అక్క యాస పలికేది. "అక్కా, పప్పు ఇంకాసిని ఎయ్యి" అని ఆయన అంటుంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వినడానికే వచ్చేవాళ్ళు.

అక్కకి పిల్లల్లేరు. తమ్ముణ్ణి నేనొక్కణ్ణే, నేనా, చూస్తున్నారుగా ఎలాంటివాణ్ణో. ఆయన వచ్చాక నా కంచంలో కూర తగ్గింది, ఆయన కంచంలో పెరిగింది. నేను ఉడుక్కుని, పెద్ద తమ్ముడు దొరికాడుగా, నన్నెందుకు పట్టించుకుంటావులే అంటే, "నువ్వు నేలమీద ఉండేవాడివి, నీకేంరా. ఆయన పైన తిరిగేవాడు" అనేది.

ఇక అసలు సంగతి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నేను ట్యాంకు నిండా మందు పోసేవాణ్ణి. ఎండ ఎక్కేకొద్దీ పైలట్ గారు గుడారం నీడలో వేలాడదీసిన ఉష్ణమాపకం చూసి, ఇంక తగ్గించు, ఇంకా తగ్గించు అనేవాడు. మిట్టమధ్యాహ్నం అసలు ఎగిరేవాడే కాదు, తప్పనిసరైతే సగం ట్యాంకే. రైతులకి ఇది గిట్టేది కాదు. పొద్దున వంతు వచ్చినవాడికి నిండు ట్యాంకు, మధ్యాహ్నం వంతు వచ్చినవాడికి సగమా, అదేం న్యాయమని గొడవపడేవాళ్ళు. సగం ట్యాంకైతే రెండుసార్లు తిరుగుతాడు, మందు తగ్గదయ్యా అని నేను గొంతు చించుకున్నా వినేవాళ్ళు కాదు.

ఒకరోజు అక్క అరుగుమీదే ఈ పంచాయితీ వచ్చింది. ఎండైతే ఇంజను వేడెక్కుద్దా, అందుకా అని అక్క అడిగింది. ఇంజను వేడి కాదు, గాలి పలచబడుద్ది అన్నాడాయన. గాలి పలచబడటమేందో ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు నేను కల్పించుకుని నాకు తెలిసిన భాషలో చెప్పాను. పత్తి గోనె బోరెంలో తొక్కి నింపితే ఎంత పడుతుంది, అదే పత్తి మా నాయన ఏకి పారేస్తే గదంతా నిండుతుంది, కదా. చల్లటి గాలి తొక్కిన పత్తి, వేడి గాలి ఏకిన దూది. ఇంజను గుక్కకి ఒక బోరెడు గాలి తాగుతుందనుకో, పొద్దున అందులో నిండా సరుకుంటుంది, మధ్యాహ్నం అదే బోరెంలో కొంత వెలితి. గాలి తక్కువైతే పెట్రోలు సరిగా మండదు, బలం తగ్గుతుంది. ముందు తిరిగే రెక్కకి పట్టు దొరకదు, మోసే రెక్కలకి ఆసరా దొరకదు. అందుకని లేవాలంటే బాటమీద ఇంకా చాలా దూరం పరుగెత్తాలి. ఇదంతా నా సొంత తెలివని తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాను. బోరెం పోలిక ఒక్కటే నాది, మిగతాదంతా ఆయన అంతకుముందు నాకు చెప్పిందే.

పైలట్ గారు అది విని నవ్వి, ఇక మీదట అందరికీ నువ్వే చెప్పు అన్నాడు. అక్క మాత్రం నవ్వలేదు. అరుగుమీద వేలితో గీస్తూ ఆలోచించి, "అయితే చల్లబడితే మోసుద్దా నాయనా" అంది. చల్లబడితే బ్రహ్మాండంగా మోస్తుంది అక్కా అన్నాడాయన. అంతే జరిగింది. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఆ ఏడు భాద్రపదం మాడ్చేసింది. పురుగు ఉధృతంగా ఉంది. అద్దంకి వైపు నుంచి రైతులు కంపెనీ మీద పడి మా విమానాన్ని మర్నాడు తెల్లారి అటు పంపేటట్టు ఒప్పించుకున్నారు. అక్క చేను, దాన్ని ఆనుకుని ఉన్న మరి కొందరి చేలు మాత్రం మిగిలిపోయాయి. కాయ పట్టే సమయం, ఆ పూట కొట్టకపోతే మళ్ళీ విమానం వచ్చేసరికి చేలో కట్టెలే మిగులుతాయి. పైలట్ గారు ఆ మధ్యాహ్నం భోజనం గబగబా ముగించాడు. కంచంలో చెయ్యి కడుక్కుని, "మీ చేను కొట్టే పోతాను అక్కా" అన్నాడు. ఈ ఎండలో వద్దులే నాయనా, చేను పోతే పోయింది అని అక్క అంటే, సగానికి కూడా తగ్గించి పోసుకుంటాననీ, బాట పొడుగు సరిపోతుందనీ, తను లెక్క చూసుకున్నాననీ చెప్పాడు. ఆయన లెక్క తప్పేది కాదు. ఆ రోజు కూడా తప్పలేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

ఎండ కాస్త వాలేదాకా ఆయన గుడారంలో నడుం వాల్చాడు. నేను మందు కలుపుతున్నాను, పంపు రొదలో నాకింకేం వినపడదు. బాట అవతలి కొస దగ్గర, కాలువ పక్కన, ఎండ తెరల్లో రంగు చీరలు కదులుతుంటే నీళ్ళకొచ్చారనుకున్నాను. కాలువకి ఆడవాళ్ళు నీళ్ళకి రాక ఎందుకొస్తారు.

మా వైపు వేసవి సాయంత్రాల్లో ఆడవాళ్ళు చేసే పని మీకు తెలుసు. నేల సెగలు కక్కుతుంటే వాకిలి నిండా నీళ్ళు చల్లి, సెగ దిగాక మంచాలు వేస్తారు. అక్క ఆ పనే చేసింది. చల్లబడితే మోస్తుందన్నాడు కదా, ఆ బిడ్డ మన చేల కోసం ఈ ఎండలో లేస్తున్నాడు, ఆయన వాకిలి మనం చల్లలేమా అని ఇల్లిల్లూ తిరిగి, ఆ చేల వాళ్ళ ఆడవాళ్ళనందరినీ కూడగట్టింది. అందరూ బిందెలూ కడవలూ తీసుకుని కాలువలో ముంచి ముంచి బాట అవతలి సగం తడిపేశారు. నల్లరేగడి నీళ్ళు తాగితే ఏమవుతుందో వాళ్ళకి తెలియక కాదు, పుట్టినప్పటినుంచి ఆ బురదలో నడిచినవాళ్ళే. కానీ పైన ఎర్ర గ్రావెలు పరిచేసరికి వాళ్ళ కంటికది చేను కాకుండా పోయింది, వాకిలి అయింది. నీళ్ళు పోస్తే గ్రావెలు పైన నిమిషంలో ఆరిపోయి ఎప్పట్లాగే కనపడింది. కింద మెత్తబడింది.

ఇక్కడికొచ్చాక నేను ఇన్నేళ్ళూ ఏం చెప్పేవాణ్ణో తెలుసా. ఇంజను హోరెత్తిందనీ, విమానం పరుగెత్తిందనీ, కాలువకట్ట ఇంక ముక్కుకి తగులుతుందనగా నేను రెండు చేతులూ ఎత్తి లే అని అరిచాననీ, అది చెంగున లేచి కట్ట దాటి పైకి పోయిందనీ, అక్క చేలమీద మందు మంచులా కురిసిందనీ. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎన్నోసార్లు చెప్పీ చెప్పీ నాకే అది కళ్ళకి కట్టేది.

అది లేవలేదు.

సగం బాట దాకా బాగానే పరుగెత్తింది, తోక కూడా లేచింది. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు వేగం తగ్గింది. ఆయన ట్యాంకు అడుగు తెరిచి మందంతా ఒక్కసారి వదిలేశాడు. తేలికపడి ఒక్క గంతు వేసింది, మళ్ళీ నేలకి తగిలింది, పోయి కట్టకి కొట్టుకుని ముక్కుమీద నిలబడి పక్కకి ఒరిగింది. నేను పరుగెత్తాను. నాకన్నా ముందు అక్కే చేరింది. ఆయన్ని బయటికి లాగేసరికి ఎడమ భుజం వేలాడుతోంది, నుదుటి నుంచి రక్తం. కళ్ళు తెరిచి మొదట చక్రాలవైపు చూశాడు, చక్రాలకి గ్రావెలుతో కలిసి నల్లటి బురద ముద్దలు ముద్దలుగా పట్టి ఉంది. తర్వాత చుట్టూ మూగిన ఆడవాళ్ళని చూశాడు. చేతుల్లో ఖాళీ బిందెలు, మోకాళ్ళ దాకా తడిసిన చీరలు. ఆ తర్వాత మా అక్కని చూశాడు. ఆయనకి అర్థమైన క్షణం నేను ఆ మొహంలో చూశాను. "ఎండ ఎక్కువైంది అక్కా. అంతే" అన్నాడు. అని, అక్క కొంగు చింపి కట్టు కడుతుండగా ఆమె తలమీదుగా నన్ను చూసి, కళ్ళతోనే చక్రాలవైపు చూపించాడు. నేను చేత్తో ఆ బురదంతా గీకేశాను.

ఇంకో గంటకి మబ్బు పట్టి కుండపోత వాన కురిసింది. ఒళ్ళు వణికేంత చల్లగాలి వీచింది. ఆ గాలికి ఆ విమానం నిండు ట్యాంకుతో లేచేది. వానకి బాటంతా ఒకటే బురదైపోయింది గనక, మర్నాడు విచారణకి జీపులో వచ్చిన పెద్దవాళ్ళకి ఏ తడి ఎప్పటిదో తెలియలేదు. ఆయన కట్టుకట్టిన చేత్తో మంచంమీద కూర్చుని, ఎండని తక్కువ అంచనా వేశాను, ఆ వేళ లేపకూడదు, తప్పు నాదే అని చెప్పాడు. ఇంకేం అడగాలి వాళ్ళు. ఆయన లైసెన్సు తీసేశారు, మళ్ళీ విమానం ఎక్కే అర్హత లేకుండా పోయింది. బస్సెక్కి వెళ్ళేటప్పుడు అక్క పండుమిరప పచ్చడి జాడీ ఇస్తే కుడిచేత్తో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

చేను సంగతి అడక్కండి. అక్కా ఆ ఆడవాళ్ళూ పురుగుల్ని చేత్తో ఏరారు, మిగిలింది ఏరుకున్నారు. అక్క చేను గురించి ఏడవలేదు. ఆమె దిగులు వేరు. ఎండ ఎక్కువైందన్నాడు కదా, అంటే చల్లింది చాల్లేదన్నమాట అనుకుంది. బాట మొత్తం తడపకుండా సగంతో ఆపేశామనీ, అందరం అలిసిపోయి కూర్చున్నామనీ, "ఇంకాసిని నీళ్ళు పోసుంటే లేచేదిరా" అనీ ప్రతి భాద్రపదంలో అనేది. నీళ్ళు చాలక కాదక్కా అంటే, మరెందుకని అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు ఆయన తన బతుకు పెట్టి దాచాడు.

తర్వాత నేను లారీ పట్టాను. గుంటూరు మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని నాగపూర్ దాకా తోలేవాణ్ణి. అక్కడ ఒకసారి రేడియేటరు కారితే నీటి పంపుల ఇంజన్లు బాగుచేసే చిన్న షెడ్డుకి పంపారు. నూనె బట్టలతో ఇంజను మీదకి వంగి ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. నన్ను గుర్తుపట్టి, మా యాసలోనే, "అక్క బాగుందా" అన్నాడు. టీ తాగాం. ఇంకా ఎగరాలనిపిస్తుందా అని అడిగాను, ఎంత తెలివితక్కువ ప్రశ్నో చూడండి. ఆయన గ్లాసు కింద పెట్టి, పొద్దున్నే చల్లగాలి మొహానికి తగిలినప్పుడు అనిపిస్తుంది, ఎండెక్కితే పోతుంది అన్నాడు. అక్క నీళ్ళు చాల్లేదని కుమిలిపోతోందని చెప్పాను. ఆయన నూనె గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "నేను పెద్ద విమానాలు నడుపుతున్నానని చెప్పు. జనాన్ని ఎక్కించుకుని పోయేవి. ఎండైనా వానైనా లేస్తాయని చెప్పు" అన్నాడు. మరోసారి అటు వెళ్ళినప్పుడు షెడ్డు మూసి ఉంది. ఆయన పోయి కొన్ని నెలలైందన్నారు.

అబద్ధాలు నాకు కొత్తా. అక్కకి చెప్పాను, చెప్పడమేమిటి, కథే కట్టేశాను. ఆయనకి తెల్లటి దుస్తులు తొడిగాను, టోపీ పెట్టాను, పెళ్ళి చేశాను, ఇద్దరు పిల్లల్ని ఇచ్చాను. ఆయన పోయాక కూడా ఆపలేదు, పదవీ విరమణ వయసు వచ్చినా దింపలేదు. ఊరి మీదుగా విమానం పోతే అక్క చేతిలో పని ఆపి, కంటిమీద చెయ్యి అడ్డుపెట్టుకుని కనపడినంతసేపూ చూసేది. ఆయనేనా అని అడిగేది. ఆయనే అక్కా, ఇవాళ మద్రాసు పోతున్నాడు అనేవాణ్ణి. భోంచేశాడో లేదో అనేది. చివరి రోజుల్లో చూపు పోయింది, చప్పుడు విని మొహం పైకెత్తేది. ఈ వేసవిలో ఆ మొహం కూడా దించేసింది.

ఇప్పుడు అన్నీ తెలిసిన కాలం. ఎండెంతో, గాలెంతో, ఏ వేళ ఎంత మోస్తుందో అరచేతిలో చూసుకుంటున్నారు, మంచిదే, తెలివితక్కువ తప్పులు జరగవు. కానీ ఎవరి యంత్రమో లేవడం లేదని ఊళ్ళో ఆడవాళ్ళంతా ఎండలో బిందెలు పట్టుకుని పరుగెత్తే తప్పు కూడా ఇక జరగదు. ఆ తప్పు కడుపులో పెట్టుకుని వెళ్ళిపోయే మనుషులు ఉంటారా అంటే నాకు తెలియదు. గన్నవరం వెళ్ళే విమానాలు రోజంతా మా ఊరి మీదుగానే పోతున్నాయి, తల ఎత్తేవాళ్ళు లేరు. చప్పుడు వినగానే నా నోటికి అలవాటుగా ఆయనే అక్కా అన్న మాట వచ్చేస్తుంది. ఎవరికి చెప్పాలో తెలియక, అది తూర్పుకి పోయి కనపడకుండా అయ్యేదాకా వాకిట్లో నిలబడి ఉంటాను.